ఎనిమిదో మూర

మా చెల్లెలు భాను సైంటిస్టు అయ్యాక నా కొట్టుకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అడిగి పట్టుకుపోతూనే ఉంది. ఒకసారి నా తలవెంట్రుకలు, ఇంకోసారి మా పాప కళ్ల ఫొటో. ఈసారి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం బల్ల మీద పెట్టి, "అన్నియ్యా, ఇందులో ఉమ్ము," అంది.

రాజాం బజారులో జాకెట్లు కుట్టే గౌరీశు అంటే కాస్తో కూస్తో పేరున్నవాణ్ణి. కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు కొలతలివ్వడానికి నిలబడి ఉన్నారు. వాళ్ల ఎదురుగా గొట్టంలో ఉమ్మడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తెర చాటుకి వెళ్లి ఆ కాస్త గొట్టం నింపేసరికి నా నోరెండిపోయింది.

బేరాలు వెళ్లిపోయాక, ఎందుకే ఇదంతా అని అడిగాను.

"అమ్మ గొంతు వినాలి," అంది భాను.

నేను కత్తెర కింద పెట్టేశాను.

మా అమ్మ సూరీడమ్మ కామెర్లతో పోయేనాటికి భాను ఎనిమిది నెలల పిల్ల. నాకు ఏడేళ్లు, మా అప్పకి పన్నెండు. అక్కని మా వైపు అప్ప అంటాం. అమ్మది ఒక్కటే ఫొటో ఉంది, రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీసింది. అందులో సగం ముఖం కొంగు చాటునే ఉంటుంది. గొంతైతే ఆ మాత్రం కూడా లేదు. టేప్ రికార్డరున్న ఇల్లు మా వీధిలో ఒకటుండేది గానీ, అక్కడికెళ్లి నాలుగు మాటలు మాట్లాడి రావాలని అమ్మకి ఎందుకు తోస్తుంది? భాను ఊహ తెలిసినప్పటి నుంచీ కనపడినవాళ్లనల్లా ఒకటే అడిగేది, అమ్మ గొంతు ఎలా ఉండేదని. సన్నగా ఉండేదని ఒకరు, కాస్త జీరగా ఉండేదని ఇంకొకరు, మంచి గొంతమ్మా అని మరొకరు చెప్పేవారు. మంచి గొంతంటే ఏమిటో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేకపోయారు. మాకు అమ్మ మీద బెంగ పెట్టుకోవడానికి ఏదో ఒక గుర్తుంది. దానికి ఆ గుర్తు కూడా లేదు, బెంగ మాత్రమే ఉంది.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఉంది దాని పరిశోధనశాల. జబ్బు చేసి స్వరపేటిక తీసేసిన వాళ్లకి వాళ్ల సొంత గొంతే తిరిగి ఇవ్వడం అక్కడి పని. మనిషి జన్యువులు చదివి, గొంతు గొట్టం ఎంత పొడుగు, అంగిలి ఎంత వంపు, లోపలి తంత్రులు ఎంత మందం అన్నీ లెక్కగడతారు. ఆ లెక్కల ప్రకారం ఒక పెట్టెలోంచి గొంతు పలికిస్తారు. ఆపరేషనయిన ఒక బడిపంతులు ఆ పెట్టెతో ఇంటికి ఫోన్ చేసి, "ఏమే, కూరేటి వండేవు?" అని అడిగితే, వాళ్లావిడ ఫోన్ పట్టుకుని అలాగే కూలబడిపోయిందట. ఆ సంగతి చెప్పినప్పుడు భాను కళ్లలో సంతోషంతో పాటు ఇంకేదో కనిపించింది. అది అసూయని నాకిప్పుడు తెలిసింది.

"పంతులుగారి జన్యువులు పంతులుగారి ఒంట్లోనే ఉన్నాయి. అమ్మవి ఎక్కడున్నాయే?" అన్నాను.

"మన ముగ్గురి దగ్గరా."

బల్ల కింద గుడ్డముక్కల బుట్టలోంచి పొడుగాటి పువ్వుల పీలిక ఒకటి లాగింది. సుద్దముక్కతో ఎనిమిది గళ్లు గీసి, "ఇది అమ్మ అనుకో, ఎనిమిది మూరలు," అంది. "అమ్మ ఏ బిడ్డకైనా తనలో సగమే ఇస్తుంది. రెండో సగం నాన్నది. అప్పకి నాలుగు మూరలు వచ్చాయి, ఇవిగో. తరవాత నువ్వు పుట్టావు. నీకూ నాలుగే, కానీ అందులో రెండు అప్పకి వచ్చినవే, రెండు కొత్తవి. ఆ తరవాత నేను. నాకొచ్చిన నాలుగింట్లో మూడు మీకున్నవే, కొత్తది ఒకటే."

"ఇదెక్కడి పంపకమే? సరిగ్గా కొలిచి ఇవ్వొచ్చు కదా."

"చీటీలు తీసినట్టు అన్నియ్యా. ఏది ఎవరికి పోతుందో అమ్మ చేతిలో కూడా ఉండదు. నాన్న వాటా తీసేస్తే మిగిలేది అమ్మే."

నాన్న పోవడానికి ఏడాది ముందు, షుగరు పరీక్షకని చెప్పి ఇది ఆయన రక్తం తీసి పట్టుకుపోయింది. అప్పటి నుంచీ దీని మనసులో ఈ ఆలోచన నలుగుతోందన్నమాట.

నేను గళ్లు లెక్కపెట్టాను. "ఏడే వచ్చాయి. ఎనిమిదో మూర?"

"ఎవరికీ రాలేదు, అమ్మతోనే పోయింది. అక్కడ రకరకాల అతుకులు వేసి చూడాలి. ఏ అతుకు సరిపోయిందో నేను చెప్పలేను. అమ్మని విన్నవాళ్లు చెప్పాలి."

అంతలో మా పాప బడి నుంచి వచ్చి సంచీ గిరాటేసింది. దానివి పిల్లికళ్లు. అమ్మవీ అవే. మా ముగ్గురికీ రాని ఆ కళ్లు దీనికి ఎలా వచ్చాయా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేను మేనమామ కూతుర్నే చేసుకున్నాను కాబట్టి ఆ గుణం నాలోనూ మా ఆవిడలోనూ చాటుగా ఉండి, రెండూ ఒకచోట కలిసేసరికి పిల్లలో బయటపడిందని భాను అప్పట్లోనే చెప్పింది. ఇప్పుడు దాన్ని దగ్గరికి లాక్కుని ఆ కళ్లలోకే చూస్తూ, "కనపడనంత మాత్రాన పోయినట్టు కాదు," అంది. ఎవరికి చెప్పుకుందో మరి.

మా అప్పది పిండిమర. మోటారు సంగతి బావ చూసుకుంటాడు, మిగతాదంతా అప్పే. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నా ఇన్నేళ్ల పిండి దాని గొంతులోకి దిగింది. బెల్టు చప్పుడు మీద అరిచి అరిచి ఆ గొంతు బొంగురుపోయింది. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తను మర అప్పే. తనకన్నా పెద్దవాళ్లు కూడా, "అప్పా, కాస్త మెత్తగా పట్టు," అనే అంటారు. భానుని పెంచింది ఆ చేతులే. పన్నెండేళ్ల పిల్ల చంకలో ఎనిమిది నెలల పిల్లని వేసుకుని బడి మానేసింది. మళ్లీ బడి మొహం చూడలేదు.

గొట్టంలో ఉమ్మడానికి మా అప్ప నాలాగా సిగ్గుపడలేదు. "సదువుకున్న గుంట అడిగింది, ఇచ్చీడమే," అని ఇచ్చేసింది. కానీ విశాఖపట్నం వచ్చి విని చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నాను రాను."

"ఎందుకప్పా? ఒక్కరోజు," అంది భాను.

"నా దగ్గరున్నది నా దగ్గరుండనీవే."

భానుకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అంతకు ముందెప్పుడో ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నేను మరకి వెళ్లాను. చప్పుడు ఆగిపోయింది, గాలిలో పిండి మెల్లగా దిగుతోంది. అప్ప బియ్యం మూట మీద కూర్చుని కళ్లు మూసుకుని, పెరట్లోంచి ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గినట్టు తల ఒక పక్కకి వంచి ఉంది. నిద్రపోయిందనుకుని లేపబోయాను. "ఉండొరే," అంది కళ్లు తెరవకుండానే. "కరెంటు పోతే అమ్మ వినబడతాది." నూకల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. రోజూనా అంటే, కరెంటు పోయిన రోజల్లా అంది. ఏమంటుందని అడిగితే, "పిలుస్తాదంతే," అని ఊరుకుంది. మా ఇంట్లో అమ్మ గొంతున్న చోటు అదొక్కటే.

అప్ప రానన్నాక ముందు నేనే వెళ్లాను. గది నిండా నల్లటి దూదిపలకలు అంటించి ఉన్నాయి, మన మాట మనకే వేరేగా వినిపిస్తుంది. భాను ఏదో నొక్కితే పెట్టెలోంచి ఒక ఆడగొంతు "భానూ" అని పిలిచింది. ఒళ్లు జల్లుమంది. "ఇదే," అన్నాను. ఇంకొకటి పెట్టింది. దాని కన్నా ఇది దగ్గరగా ఉన్నట్టనిపించి, "కాదు, ఇదే," అన్నాను. మూడోది విన్నాక కూడా అదే మాట అనేసరికి భాను పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముఖం గోడకేసి తిప్పుకుంది. నిజం చెప్పాలంటే అమ్మ గొంతు నాకు గుర్తులేదు. పొయ్యి ఊదినప్పుడు వచ్చే దగ్గు గుర్తుంది, గాజులు గుర్తున్నాయి. ఏడేళ్ల మగపిల్లాడు తల్లి మాట ఎప్పుడు విన్నాడు గనక.

ఆ వారమే భాను రాజాం వచ్చి నేరుగా మరకి వెళ్లింది. చిన్నప్పుడు దాని వాటా బెల్లం జీడి అది తినేసి, అప్ప వాటా మీద పడేది. అప్ప కొంగులో పెట్టి పంటితో కొరికి, కాకెంగిలి చేసి సగం ఇచ్చేది, ఒక్కనాడు కూడా లేదనలేదు. ఇప్పుడూ అలాగే ఎదురుగా వచ్చి నిలబడింది.

"అప్పా, నీ దగ్గరున్నదాంట్లో నాకూ కొంచెం పెట్టవా," అంది.

అప్ప చేతుల పిండి దులుపుకుంది. జల్లెడ గోడకి తగిలించింది, మళ్లీ తీసింది, మళ్లీ తగిలించింది.

"ఆదివారం వస్తానులే," అంది చివరికి.

ఆదివారం ముగ్గురం పరిశోధనశాలలో ఉన్నాం. లోపలికి పంపే ముందు బల్ల దగ్గరమ్మాయి కాగితం చూసి, "పైడితల్లిగారూ," అని పిలిచింది. అప్ప కదల్లేదు. రెండోసారి పిలిస్తే, ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. "నిన్నే అప్పా," అని నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచింది.

కళ్ల డాక్టరు అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతాడు చూడండి, భాను పద్ధతి కూడా అదే. రెండు గొంతులు వరసగా వినిపిస్తుంది. దగ్గరగా ఉన్నదాన్ని ఉంచి, దానికి జతగా ఇంకొకటి తెస్తుంది. అలా అతుకు మీద అతుకు మారుస్తూ పోతే చివరికి అమ్మ మిగలాలి.

మొదట్లో అప్ప భలే ధైర్యంగా చెప్పింది. "కాదు." "ఇదసలు కాదు." "ఇదెవత్తే, ముక్కుతో మాటాడతాంది." భాను ఉత్సాహంగా మీటలు నొక్కుతోంది. గొంతు తరవాత గొంతు "భానూ, భానూ" అంటూనే ఉంది. సన్నవి, జీరవి, కాస్త అలసినవి. ప్రతి పిలుపుకీ పలకాలన్నట్టు భాను పెదాలు కదులుతున్నాయి.

భోజనం ముందు అప్ప మొదటిసారి, "ఇందాకటిది మళ్లీ పెట్టు," అంది. భోజనం తరవాత మళ్లీ అలాగే అడిగింది. ఆ తరవాత ప్రతిదానికీ అడగసాగింది. కళ్లు మూసుకుని, తల పక్కకి వంచి, కనుబొమలు ముడేసి కూర్చుంది. మరలో కూర్చున్నప్పుడు ఆ ముడి ఉండదు.

చివరికి విసిగిపోయి, "ఈ భానూ అన్న మాట అమ్మ నోట నానెప్పుడూ ఇన్లేదే," అంది. "అదే అడ్డం పడతాంది."

భాను చెయ్యి మీట మీదే ఆగిపోయింది. "మరి నన్నేమని పిలిచేది?"

అప్ప నాకేసి చూసింది, నేను నేలకేసి చూశాను. పెద్ద చదువులు చదివిన పిల్లకి ఆ సంగతెందుకని ఇన్నేళ్లూ ఇద్దరం నోరు మెదపలేదు. ఇప్పుడిక దాచి లాభం లేదని నేనే మొదలుపెట్టి చెప్పాను.

నాకూ భానుకీ మధ్య ఇద్దరు పిల్లలు పుట్టి, పురిట్లో ఒకరు, పాలు తాగే వయసులో ఒకరు పోయారు. అందుకని భాను పుట్టగానే మంత్రసాని దాన్ని పెంటకుప్ప మీద దొర్లించి, చేటలో వేసి అమ్మ చేతికిచ్చింది. పారేసిన పిల్లంటే చావు కన్ను కూడా పడదని మా వాళ్ల నమ్మకం. ఏడాది నిండేదాకా మంచి పేరు పెట్టకూడదు, ముద్దుగా పిలవకూడదు. ఆ ఏడాది నిండకుండానే అమ్మ పోయింది. అమ్మ పేరే పెట్టాలని నాన్నకి ఉన్నా, ఆ పేరు పిలిస్తే ఇంట్లో అందరూ ఏడుస్తారని, సూర్యుడికి ఇంకో పేరు వెతికి భానుమతి అన్నాడు.

"'ఒసే పెంటీ' అని పిలిచేదే నిన్ను," అంది అప్ప. "పొద్దున్న లేచిన కాణ్నుంచీ అదే పిలుపు. పెంటీ లేచిందేటి, పెంటీ తాగిందేటి అని."

భాను నొచ్చుకుంటుందని భయపడ్డాను. అది ఆ పేరుని పట్టించుకోనే లేదు. "ఇద్దరా?" అంది. "నాకు ముందు ఇంకో ఇద్దరున్నారా?" వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకుంది. ఆ లెక్క నాకూ అందింది. బతికుంటే వాళ్లకీ తలా నాలుగు మూరలు వచ్చేవి. మాకు రాని మూర వాళ్లలో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది.

"ఎనిమిదో మూర వాళ్లతో పోయిందేమో అప్పా," అంది.

గుడ్డపీలిక కథ అప్పకి నేనే వచ్చేటప్పుడు బస్సులో చెప్పాను. ఇప్పుడు భాను కేసి తిరిగి, "పోతే పోనీవే," అంది. "ఆ పసిగుడ్డుల్ని మాత్రం ఒట్టి చేతుల్తో ఎలా అంపుతాది."

తరవాత భాను కళ్లు తుడుచుకుని, ఆఖరికి మిగిలిన గొంతుకి కొత్త మాట ఇచ్చింది. పెట్టె పలికింది.

"ఒసే పెంటీ."

భాను రెండు చేతులతో నోరు మూసుకుంది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, చంటిపిల్లలా వణికిపోయింది. నాకైతే అదే అమ్మ. ఒట్టేసి చెప్పమంటే చెప్పేవాణ్ణి, కానీ నా సాక్ష్యానికి ఉన్న విలువ మీకు తెలిసిందే. ఇద్దరం అప్ప కేసి చూశాం.

అప్ప కళ్లు మూసుకుని విన్నది. ఇంకోసారి పెట్టించుకుంది, ఆ తరవాత మరోసారి. కళ్లు తెరిచాక మాకేసి కాకుండా గోడకేసి చూసింది.

"ఏమోనే," అంది. "పొద్దున్నయితే సెప్పీదాన్ని. ఇప్పుడన్నీ అమ్మలాగే ఉన్నాయి, ఒక్కటీ అమ్మలా లేదు."

తిరుగు బస్సులో అప్ప కిటికీ పక్కన కూర్చుంది. చీపురుపల్లి దాటాక నా కేసి తిరిగింది.

"ఒరే గౌరీసూ, వినబడ్డం లేదురా," అంది.

"ఏటప్పా?"

"అమ్మ. పొద్దుటి నుంచీ సూస్తున్నాను. 'పైడీ' అని పిలిచేది నన్ను. ఆ మాటుంది, గొంతు లేదు. తలుచుకుంటే ఆ పెట్టే పలుకుతాంది."

అప్పుడు నాకు తట్టింది, కాగితం మీది పేరు పెట్టి పిలిస్తే తను ఎందుకు వెనక్కి తిరిగి చూసిందో. నాన్న అమ్మీ అనేవాడు. బావ ఏమే అంటాడు. మేమిద్దరం అప్పా అంటాం, ఊరు ఊరంతా అప్పా అంటుంది. అమ్మ పోయాక మా అప్పని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఒక్కరు లేరు. కరెంటు పోయినప్పుడు మూట మీద కూర్చుని తను వినేది ఆ పేరు.

ఆ నెలలోనే అప్ప బావతో పోరి పోరి పాత డీజిలు ఇంజను ఒకటి తెప్పించింది. కరెంటు పోతే దానికి బెల్టు మార్చేస్తుంది. మర ఆగే పని లేదు. ఊరంతా తెగ సంతోషించింది. మర అప్పకి వ్యాపారం తెలుసు అన్నారు. మధ్యాహ్నం నా కొట్టు దాకా ఆ ఇంజను మోత వినిపించినప్పుడల్లా నా కుట్టు వంకర పోయేది.

భాను ఫోన్ చేస్తే అప్ప మామూలుగానే మాట్లాడేది. తిన్నావేటి, పడుకున్నావేటి అని అడిగేది. పెట్టె సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. దసరా సెలవులకి భాను వచ్చి నా కొట్టులో కూర్చుంది. దాని సంస్థలో అందరూ మెచ్చుకున్నారట, ఇంకో కుటుంబంతో చేసి చూడమంటున్నారట. గొంతు విన్నవాళ్లచేత ఎంపిక చేయించే పద్ధతి అయితే తను చెయ్యనని చెప్పిందట. ఎందుకని వాళ్లడిగితే కారణం రాసివ్వలేకపోయింది.

"అమ్మ గొంతు ఏం చేశావే?" అన్నాను.

"ఉంది అన్నియ్యా. వినడం లేదు. అది అమ్మో కాదో చెప్పేవాళ్లు లేకపోతే అది ఉత్త పెట్టే." బల్ల మీది సుద్దముక్కని అటూ ఇటూ దొర్లిస్తూ, "అప్ప చెప్పలేకపోయింది, అలిసిపోయి ఉంటుందిలే," అంది.

దానికి తెలీదు. చెప్పకుండా ఉండిపోవచ్చు, కానీ ఆ ఇంజను మోత నాకు అప్పటికే గొంతు దాకా వచ్చింది. మూట సంగతీ, కరెంటు సంగతీ, బస్సులో అన్న మాటా అన్నీ చెప్పేశాను. భాను బుట్టలోంచి ఏదో పీలిక తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నేను అడిగి తీసుకున్నాను," అంది. "కాకెంగిలి చేసి సగమే కదా ఇచ్చేది ఎప్పుడూ. ఈసారి మొత్తం ఇచ్చేసింది."

పీలిక బల్ల మీద పెట్టేసింది.

"ఏమని పిలిచేది అన్నావు?"

"పైడీ అని."

లేచి గబగబా నడిచింది. నేను సగం కత్తిరించిన జాకెట్ గుడ్డ బల్ల మీదే వదిలేసి వెనకాల పడ్డాను.

మరలో ఇంజను నడుస్తోంది. బావ టీకి వెళ్లినట్టున్నాడు. అప్ప తొట్టిలోకి బియ్యం వంపుతోంది, మా రాక వినబడలేదు. భాను నేరుగా ఇంజను దగ్గరికి వెళ్లి ఆపేసింది. మోత మెల్లగా దిగి, ఆగి, చెవులు గుయ్యిమన్నాయి.

"ఏటే ఆపీసేవు?" అంది అప్ప. "బియ్యం సగంలో ఉన్నాయి."

భాను ఎదురుగా వచ్చి నిలబడింది. ఏదో అనబోయి, అలవాటు కొద్దీ "అప్..." దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నది పెద్దదాన్ని పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో వీపు విమానం మోతే. పుట్టి బుద్ధెరిగాక అది ఆ పేరు నోటితో అనలేదు. సభల్లో మాట్లాడే గొంతు కాదు, అలవాటు లేని మాట కావడం వల్ల కాస్త జీరగా, కాస్త భయంగా వచ్చింది.

"పైడీ," అంది.

అప్ప చేతిలో చేట ఆగిపోయింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. చేట మెల్లగా కింద పెట్టింది. వెనక్కి జరిగి బియ్యం మూట మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది, తల ఒక పక్కకి వంచింది. గాలిలో పిండి దాని జుట్టు మీదా భుజాల మీదా దిగుతోంది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

మా భాను కూడా కదలకుండా నిలబడింది. తీర్పు కోసం చూస్తున్నట్టుగా ఉంది దాని వాలకం. అమ్మ ఇచ్చిన నాలుగు మూరలు దాని ఒంట్లో ఎక్కడున్నాయో, గొంతులో ఏమైనా ఉన్నాయో లేవో, ఎంత లెక్కగట్టినా నాకు తెలిసే విషయం కాదు.

అప్ప కనుబొమలు ముడిపడలేదు. మూసిన కళ్లలోంచి నీళ్లు దిగి, చెంపల మీది పిండిలో చారలు కట్టాయి.

"అమ్మ కాదే పెంటీ," అంది. "అయినా ఇంకోసారి పిలు."